ఏ పటంలోనూ లేని లంక

సీతారామలక్ష్మి గారు బొమ్మ వేస్తే అచ్చు గుద్దినట్టు ఉంటుందని పాలకొల్లులో పేరు. పదహారేళ్ళు ఆ మాట విని ఆవిడ పొంగిపోయింది. ముప్ఫై ఏడో ఏట అదే మాట తిట్టులా వినిపించడం మొదలైంది.

ఆవిడ పుట్టిల్లు కోనసీమ, అర్చకుల కుటుంబం. డ్రాయింగులో లోయరూ హయ్యరూ పాసై, ట్రైనింగ్ పూర్తిచేసి, పాలకొల్లుకి నాలుగు మైళ్ళ దూరంలో ఒక పల్లెటూరి హైస్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేరింది. భర్త భాస్కరం మండలాఫీసులో గుమాస్తా. ఒక్కతే కూతురు, మధులత.

స్కూల్లో ఆవిడ పాఠం పుస్తకం ప్రకారం నడిచేది. కూజా, అరటిపళ్ళు, జెండా, సూర్యోదయం. ఆ చుట్టుపక్కల ఎటు చూసినా వరిచేలూ కొబ్బరిచెట్లే తప్ప కొండన్నది కంటికి ఆనదు. అయినా ప్రతి పిల్లా రెండు కొండల మధ్యనుంచే సూర్యుణ్ణి పైకి తీసేది. పుస్తకంలో అలా ఉంది మరి. ఇంటి దగ్గర ఆవిడ ఫొటోలు చూసి పెద్ద బొమ్మలు వేసిపెట్టేది. ఎవరైనా చిన్న ఫొటో తెచ్చిస్తే దాని మీద సన్నగా గళ్ళు గీసి, పెద్ద షీటు మీద అంతే లెక్కన పెద్ద గళ్ళు గీసి, ఈ గడిలో ఉన్నది ఆ గడిలోకి దించేది. మామిడాకు మీద ఈనెలు లెక్కపెట్టినంత ఓపికగా మీసంలో వెంట్రుకలు లెక్కపెట్టేది. కాలం చేసిన పెద్దవాళ్ళు ఊళ్ళో చాలా ఇళ్ళ గోడల మీంచి ఆవిడ చేతి చలవతోనే చూస్తూ ఉండేవారు.

1994 వేసవి సెలవుల్లో ఒక ఆదివారం చిట్టియ్య వచ్చాడు. నరసాపురం రేవులో మనుషుల్నీ బళ్ళనీ గోదావరి దాటించే పంటుకి సరంగుగా చేసి రిటైరైన మనిషి. డెబ్భై ఏళ్ళుంటాయి. ఎంత చెప్పినా కుర్చీలో కూర్చోకుండా అరుగు మీదే కూర్చుని, తనకి అమ్మ బొమ్మ కావాలన్నాడు. ఫొటో ఇమ్మంది ఆవిడ. లేదన్నాడు. తనకి పదేళ్ళప్పుడే అమ్మ పోయిందట. ఆవిడ బతికుండగా ఫొటో తీసినవాళ్ళే లేరు.

"ఫొటో ఉంటే ఎవరైనా వేస్తారండి. లేదనే మీ పేరు విని వచ్చాను. నేను చెప్తానండి, మీరు వేయండి," అన్నాడు.

చెప్పాడు. నలుపని, వెడల్పు మొహమని, ముక్కుకి ఇత్తడి అడ్డబాస అని, నుదురు చిన్నదని. ఆవిడ వేసింది. చూసి తల అడ్డంగా ఊపాడు. వచ్చే ఆదివారం మళ్ళీ బస్సెక్కి వచ్చాడు. మళ్ళీ వేసింది. మూడో ఆదివారం ఆవిడ చాలా కష్టపడి, షేడింగంతా ముందే పూర్తిచేసి ఉంచిన బొమ్మని ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని వెలుతురులోకి తిప్పుకుని చాలాసేపు చూశాడు.

"బొమ్మ చాలా బాగుందండి. కాని ఈవిడ మా అమ్మ కాదండి. కేలండర్లో ఆవిడండి," అన్నాడు. కోపంగా అనలేదు. ఆవిడకి శ్రమ ఇచ్చినందుకు ఏమీ అనుకోవద్దని చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా ఆవిడ చిట్టియ్య మీదే తప్పు తోసింది. పెద్దాయనకి జ్ఞాపకం సరిగ్గా లేదంది. భాస్కరం కూడా అదే అన్నాడు, ఫొటో లేకుండా మొహం వేయమనడం ఏం కోరిక అని. కాని మర్నాడు వంటయ్యాక ఆవిడ ఒక కాగితం తీసుకుని, బతికి ఉన్న తన సొంత అమ్మని వేద్దామని కూర్చుంది. నెల్లాళ్ళ కిందటే చూసి వచ్చింది. ఫొటో ఎదురుగా పెట్టుకోలేదు. అరగంటకి కాగితం మీద ఒక ముసలావిడ తయారైంది, చీర కట్టింది, బొట్టు పెట్టుకుంది. ఆవిడ ఎవరో సీతారామలక్ష్మికి తెలియదు. తర్వాత భర్తని వేసింది. పదిహేనేళ్ళుగా రోజూ కంచంలో అన్నం వడ్డిస్తున్న మనిషి కాగితం మీదకి వచ్చేసరికి ఏదో సబ్బు ప్రకటనలో మొగుడిలా ఉన్నాడు.

గళ్ళు తీసేస్తే తన చేతిలో ఏమీ లేదు. ఆ సంగతి తెలిసేసరికి ఆవిడకి ఒళ్ళు మండింది. పదహారేళ్ళుగా తనని మెచ్చుకున్న వాళ్ళందరి మీదా మండింది. ఒక్కళ్ళయినా ఈ ముక్క చెప్పి ఉండాల్సింది. చెప్పింది చివరికి పంటు నడుపుకునే ఆయన.

ఆ వానాకాలంలో మధులతకి ఆటలమ్మ పోసింది. పదకొండేళ్ళ పిల్ల, పది రోజులు వేపాకుల పక్క మీద కదలకుండా ఉండాలంటే ఎలా ఉంటుంది. ఊరికే విసుక్కునేది. తల్లి పక్కన కూర్చుని నోటికొచ్చిన కథ చెప్పడం మొదలుపెట్టింది. గోదావరిలో ఒక లంక ఉందని, దాని పేరు ఊగులంక అని, మిగతా లంకల్లా ఒకచోట కుదురుగా ఉండక పోటు వచ్చినప్పుడు పైకీ, పాటు తీసినప్పుడు సముద్రం వైపుకీ ఊగుతుందని, అందుకే అది ఏ పటంలోనూ లేదని చెప్పింది. మరి ఆ ఊరికి మనుషులు ఎలా వెళ్తారని పిల్ల అడిగింది. పడవ కట్టిన చోట ఉండదు కదా, అందుకని కొంగకాళ్ళున్న మనిషి ఒకడు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి, వీపు మీద బుట్టలో ఎక్కించుకుని తీసుకెళ్తాడంది. ఎలా ఉంటాడో చూపించమంది పిల్ల.

పాత క్వార్టర్లీ ప్రశ్నపత్రాల దొంతర పక్కనే ఉంది. ఒక కాగితం వెనక్కి తిప్పి ఆవిడ కొంగయ్యని వేసింది.

మధులత చూసి, "అమ్మా, వీడు నిలబడడు. మోకాళ్ళు మన మోకాళ్ళలా పెట్టేశావు. బుట్ట ఎక్కించగానే ముందుకి పడిపోతాడు," అంది.

కొంగ కాలు ఎటు వంగుతుందో ఆవిడకి తెలియదు. గోదావరి జిల్లాలో పుట్టి, చేలగట్ల మీద పెరిగి, ముప్ఫై ఏడేళ్ళకి కొంగ కాలు ఎటు వంగుతుందో తెలియని డ్రాయింగ్ టీచరు.

మర్నాడు పొద్దున్న స్కూలుకి వెళ్ళేముందు కాలవగట్టు మీద నోటుపుస్తకంతో నిలబడింది. ఆ మర్నాడూ నిలబడింది. పాలు తెచ్చేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు ఆగి చూశారు. మండలాఫీసు గుమాస్తాగారి భార్య కొంగలకేసి చూస్తూ నిలబడితే చూడరా మరి. వారం తిరిగేసరికి ఆవిడకి ఒక సంగతి తెలిసింది. కొంగకి మోకాలని మనం అనుకునేది నిజానికి మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన, ఈకల్లో దాగి ఉంటుంది. కొంగ జీవితమంతా మునివేళ్ళ మీద నిలబడుతుంది. అది తెలిశాక కొంగయ్య నిలబడ్డాడు. బుట్టలో మనిషిని ఎక్కిస్తే ఎంత వంగాలో, నీళ్ళలోంచి కాలు పైకి తీసినప్పుడు వేళ్ళు ఎలా ముడుచుకోవాలో అన్నీ కుదిరాయి. మధులతకి అప్పటికి ఒంటి మీద పొక్కులు మాడాయి. కూతురు మంచం దిగినా తల్లి మాత్రం లంక దిగలేదు.

ఊగులంకకి జనం రావడం మొదలుపెట్టారు. పీత కరణం వచ్చాడు, ఎప్పుడూ పక్కకే నడిచేవాడు, అందుకని ఎవరితోనూ ఎదురుగా మాట్లాడలేనివాడు. తాటిచెట్టంత ఆడమనిషి వచ్చింది, తల మీద పిట్టలు గూళ్ళు పెడితే అవి ఎగిరిపోయేదాకా తల దువ్వుకోనిది. ఊరే ఊగుతుంటుంది కాబట్టి ఇళ్ళకి రెండువైపులా వాకిళ్ళుండాలి. వాకిళ్ళు రెండయితే చూరు ఎటు వాలాలి? తాటాకు ఎలా కప్పుతారో చూడటానికి ఆవిడ పేటలోకి వెళ్ళి ఒక పూటంతా కూర్చుంది. పడవల అడుగున వాసాలు ఎలా బిగిస్తారో చూడటానికి నరసాపురం రేవుకి వెళ్ళింది. అరటిపళ్ళు వేసినన్నాళ్ళూ అరటిచెట్టు కేసి తలెత్తి చూడని మనిషి, లేని ఊరు కట్టాలని ఉన్న ఊరంతా తిరిగింది.

అందరికన్నా ఆవిడని ఎక్కువ పట్టుకున్నది ఒండ్రమ్మ. వరద తెచ్చి పోసే మెత్తటి మట్టితో అయిన మనిషి. ఏటా వరదొస్తే ఆవిడ సగం కరిగిపోతుంది. నీళ్ళు తీశాక గట్టు మీద దొరికిన ఒండ్రు ఏరుకుని మళ్ళీ మనిషవుతుంది. ప్రతిసారీ ముక్కు ముందున్న ముక్కు కాదు, బుగ్గలు ముందున్న బుగ్గలు కావు. మధులత అడిగింది, మొహం మారిపోతే మరి ఊళ్ళోవాళ్ళు ఆవిణ్ణి ఎలా గుర్తుపడతారు అని.

ఆ ప్రశ్న సీతారామలక్ష్మిని ఏడాదిన్నర పాటు నిలవనివ్వలేదు. ఎనభై మొహాలు వేసింది ఒండ్రమ్మకి. మొదటి ముప్ఫై ముప్ఫైమంది వేరేవేరే ఆడవాళ్ళలా ఉన్నాయి. చూసి చించి పారేసింది. ఆ తర్వాత నెమ్మదిగా తెలిసింది. ఒండ్రమ్మని ఎవరైనా పిలిస్తే, పలికేముందు గడ్డం తిప్పుతుంది, కళ్ళు తర్వాత తిప్పుతుంది. నిలబడితే బరువంతా ఎడమ కాలి మీద వేస్తుంది. మాట కన్నా ముందు చెయ్యి లేస్తుంది. ముక్కు ఎలాగైనా ఉండనీ, ఈ మూడూ ఉంటే ఆవిడే. బస్సులో, బజార్లో, టీచర్ల గదిలో మనుషుల్ని చూసినా ఇప్పుడు అదే కనిపిస్తోంది. ఫలానా ఆవిడ ఫలానా ఆవిడ అవడానికి ముక్కూ కళ్ళూ చాలవు. తన గళ్ళల్లో ఇన్నాళ్ళూ పడనిది అదే.

1996 సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం ఆవిడే నరసాపురం బస్సెక్కి చిట్టియ్య ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళింది. పెద్దాయన మంచం మీద నుంచి లేచి కంగారుపడ్డాడు. ఈసారి ఆవిడ మొహం గురించి అడగలేదు. మీ అమ్మగారు కూర్చుంటే ఎలా కూర్చునేవారు, మిమ్మల్ని పిలవాలంటే గుమ్మం దాకా వచ్చి పిలిచేవారా, ఉన్నచోటినుంచే కేకేసేవారా, ఎండలోకి చూస్తే ఏం చేసేవారు అని అడిగింది. చిట్టియ్య మొదట తడుముకున్నాడు. తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. ఊడ్పులకి లంకల్లోకి వెళ్ళేదట. తల మీద మోపు దింపేశాక కూడా మోపు ఉన్నట్టే మెడ నిటారుగా పెట్టి నడిచేదట. నవ్వొస్తే మొహం గోడకేసి తిప్పుకునేదట. ఎండలోకి చూడాలంటే ఒక కన్ను పూర్తిగా మూసేసేదట.

ఆవిడ మొదట, నడిచి వెళ్తున్న మనిషిని వెనకనుంచి గీసింది. చిట్టియ్య దాన్ని చూసి దగ్గరకి జరిగి కూర్చున్నాడు. తర్వాత మొహాలు మొదలుపెట్టింది, చిన్నచిన్నవి, త్వరత్వరగా. పదకొండో దాని మీద ఆయన అరచెయ్యి పెట్టేశాడు, ఇంకోటి గీయనివ్వకుండా. అందులో నల్లటి వెడల్పు మొహం, ఒక కన్ను మూసి ఉంది.

చిట్టియ్య లోపలికి తిరిగి భార్యని పిలిచాడు. "ఇలా రా. మీ అత్తని చూద్దువుగాని."

ఆ ఇంటి నుంచి తిరిగొచ్చాక సీతారామలక్ష్మి గళ్ళ బొమ్మలు మానేసింది. ఫొటోలు పట్టుకొచ్చిన వాళ్ళని స్టూడియోకి వెళ్ళమని చెప్పేది. ఊళ్ళో గుసగుసలు బయల్దేరాయి. టీచరుగారికి ఏదో పట్టిందన్నారు, కాళ్ళు వెనక్కున్న మనుషుల్ని వేస్తోందన్నారు. భాస్కరం చెడ్డవాడు కాదు, కాని ఆఫీసులో నలుగురూ అడిగే ప్రశ్నలకి నలిగిపోయాడు. ఒకరోజు భోజనం దగ్గర, పోనీ దేవుళ్ళని వేయొచ్చు కదా సీతా, ఎవరూ ఏమీ అనరు అన్నాడు. ఎవరూ ఏమీ అనకుండా పదహారేళ్ళు వేశాను కదండీ, ఏం వచ్చింది అని ఆవిడ మజ్జిగ వడ్డించింది.

మర్నాటి ఏడు జిల్లా టీచర్ల చిత్రలేఖనం పోటీ జరిగింది. ప్రతి ఏడూ నాయకుల బొమ్మ ఒకటి దించి పంపి బహుమతి తెచ్చుకునేది ఆవిడ. ఈసారి ఒండ్రమ్మని పంపింది. వరద తీసిన గట్టు మీద మోకాళ్ళ మీద కూర్చుని, ఒక చేత్తో రెండో చెయ్యి అతికించుకుంటున్న మనిషి. పోటీకి పెద్దగా ఉన్న ఒక రిటైర్డ్ మాస్టారు దాన్ని గోడ మీంచి దింపించి పక్కన పెట్టారు. ఆవిడ వెళ్ళి కారణం అడిగింది. ఆయన మర్యాదగానే చెప్పారు, ఉన్నదాన్ని ఉన్నట్టు వేయడం కళ అని, లేనిపోనివి వేయడం చిన్నపిల్లల పని అని, ఇలాంటి మనిషిని మీరెక్కడైనా చూశారా అమ్మా అని.

"చూడలేదండి," అంది సీతారామలక్ష్మి. "మా నాన్నగారు అర్చకులండి. నేను మకర తోరణం తోముతూ పెరిగాను. దేవుడి వెనక ఉండే ఆ మకరానికి మొసలి నోరు, ఏనుగు తొండం, నెమలి తోక ఉంటాయి. దాన్ని చేసినవాడు ఎక్కడ చూశాడంటారు? చూడలేదు కాబట్టి దేవుడి వెనకనుంచి తీసేద్దామా?"

హాల్లో ఉన్నవాళ్ళు తలలు తిప్పారు. మాస్టారు అది వేరు, ఇది వేరన్నారు. ఎలా వేరో చెప్పమని ఆవిడ నిలబడింది. ఆయన పక్క బొమ్మ దగ్గరకి నడిచారు. బొమ్మ మళ్ళీ గోడెక్కలేదు. ఆవిడ దాన్ని చుట్టచుట్టి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుంది. బహుమతి రాకపోవడం ఆవిడకి అదే మొదటిసారి. ఆ రోజు తనకి కలిగిన ధీమా అన్ని బహుమతులు వచ్చినప్పుడూ కలగలేదని తర్వాత కూతురితో చెప్పింది.

అప్పటినుంచి స్కూల్లో కూడా పాఠం మారింది. పిల్లలకి ఆవిడ ఒకటే చెప్పేది. మీకు తోచిన ప్రాణిని చేయండి, కాని అది ఎలా నడుస్తుందో, ఏం తింటుందో, ఎక్కడ పడుకుంటుందో నేను అడిగితే బొమ్మలోనే జవాబు ఉండాలి. ఎనిమిదో తరగతి ఆడపిల్లలు చేలమీద పడ్డారు. ఒకత్తె మిడత కాళ్ళు చూసొచ్చింది, ఒకత్తె గేదె మూతి మీద తడి ఎలా మెరుస్తుందో చూసొచ్చింది. రెండు కొండల మధ్య సూర్యుడు ఆ క్లాసులో మళ్ళీ ఉదయించలేదు.

1999లో తనిఖీకి వచ్చిన అధికారి డ్రాయింగ్ పుస్తకాలు తిరగేసి, సిలబస్‌లో ఉన్న కూజా ఏదని అడిగారు. నెల తిరిగేసరికి మెమో వచ్చింది, సంజాయిషీ ఇమ్మని. హెడ్‌మిస్ట్రెస్ సూర్యకాంతమ్మ గారు నెమ్మదస్తురాలు. రెండు ముక్కలు, పొరపాటైంది ఇకమీదట జరగదని రాసిచ్చేయమని, తను సర్దుతానని బతిమాలింది. సీతారామలక్ష్మి స్టాఫ్ రూములో కూర్చుని ఒకటిన్నర పేజీ రాసింది. అందులో కొంత ఇలా ఉంది.

"మా పిల్లలు కూజా వేయడం లేదన్నది సరికాదు. ఎనిమిదో తరగతి మంజుష వేసిన పీత ఇంట్లో కూజా ఉంది. పీతకి వేళ్ళు లేవు, పట్టకార్లలాంటి కాళ్ళు ఉన్నాయి. ఆ కాళ్ళతో కూజాని ఎక్కడ పట్టుకుంటే జారదో తెలియడానికి ఆ పిల్ల కూజాని పదకొండు వైపులనుంచి చూసి గీసింది. పుస్తకంలో కూజాని దించేవాళ్ళు దాన్ని ఒక్క వైపునుంచే చూస్తారు, చాలామంది అదీ చూడరు. నేను పద్దెనిమిదేళ్ళు అలాగే నేర్పాను. సంజాయిషీ ఇవ్వవలసింది ఆ పద్దెనిమిదేళ్ళకి. ఇప్పటి దానికి ఇవ్వను."

సూర్యకాంతమ్మ గారు చదివి, కళ్ళజోడు తీసి, ఇది పంపితే ఏమవుతుందో తెలుసా అంది. తెలుసంది ఈవిడ. ఇద్దరూ కలిసి కాఫీ తాగారు. కాగితం వెళ్ళింది.

ఆ వేసవిలోనే సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరి స్కూలుకి బదిలీ అయింది. కాగితం మీద పాలనాపరమైన కారణాలని రాశారు. రెండు బస్సులు మారి, చివరి రెండు మైళ్ళు ఆటోలోనో నడిచో వెళ్ళాలి. పైకి చెప్పి ఆపించుకోవడానికి మనుషులున్నారని భాస్కరం అన్నాడు. అక్కర్లేదంది. ఆ బదిలీ ఆపమని అడిగితే తను రాసినదాన్ని తప్పని ఒప్పుకున్నట్టేనంది.

అక్కడ పిల్లలంతా వేటకెళ్ళేవాళ్ళ పిల్లలు. డ్రాయింగ్ పుస్తకం కొనుక్కున్నది క్లాసుకి ముగ్గురో నలుగురో. వరండా గోడకి సున్నం వేయించి, బొగ్గులు చేతికిచ్చింది. ఆ పిల్లలకి కొంగకాళ్ళ గురించి ఆవిడ చెప్పవలసిన పనే లేకపోయింది. చేప మొప్ప ఎలా తెరుచుకుంటుందో, తాబేలు ఇసకలోంచి ఎలా లేస్తుందో ఆవిడకే వాళ్ళు చెప్పారు. ఊగులంకకి సముద్రం వైపు వీధులు ఆ రోజుల్లోనే లేచాయి. వల భుజాన వేసుకుని తిరిగే మబ్బులు వచ్చాయి. ఆటుపోట్లని ఇంటింటికీ మోసుకెళ్ళి పంచే ముసలాయన వచ్చాడు. బెస్తల పెద్ద భీమరాజు ఒకరోజు స్కూలుకొచ్చి గోడంతా చూసి, మా కొత్త పడవకి ముక్కు దగ్గర ఏదైనా వేసిపెట్టమని అడిగాడు. ఏది వేయమంటారని ఆవిడ అడిగితే, మా పిల్లలకి చెప్పినట్టే, మీకు తోచిందే వేయండి అన్నాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ రేవులో తొమ్మిది పడవలకి ముందు ఊగులంక జనం కూర్చుని సముద్రంలోకి వెళ్ళొచ్చేవారు.

2004లో కాకినాడనుంచి ఉత్తరం వచ్చింది. పిల్లల పుస్తకాలు అచ్చువేసే పల్లంరాజు గారని ఒకాయన, పడవల మీద బొమ్మలు ఎవరో చెప్తే విని, ఒండ్రమ్మ కథ పుస్తకంగా వేద్దామని రాశారు. ఆవిడకి నలభై ఏడేళ్ళు. మధులత అప్పటికి రాజమండ్రిలో చదువుకుంటోంది. ఉత్తరం ఫోనులో చదివి వినిపిస్తే అవతల పిల్ల ఏడ్చింది. భాస్కరం ఆఫీసుకి సెలవు పెట్టి తనూ బయల్దేరాడు. బొమ్మల సంచీ ఆయనే మోశాడు.

పల్లంరాజు గారు మర్యాదస్తులు. కూల్‌డ్రింకులు తెప్పించారు. బొమ్మలు ఒక్కొక్కటే తిప్పి మెచ్చుకున్నారు. కొంగయ్య దగ్గర గట్టిగా నవ్వారు. చివర్లో ఒక్క చిన్న మార్పు అన్నారు. ఈ ఒండ్రమ్మగారు మరీ నల్లగా, మొహమంతా బీటలుగా ఉందని, పిల్లలు భయపడతారని, కొనేది తల్లిదండ్రులు కదండీ అని, కాస్త తెల్లగా, చక్కగా, నవ్వుతున్నట్టు దిద్దిస్తే వెంటనే అచ్చుకి ఇచ్చేస్తామని చెప్పారు.

సీతారామలక్ష్మి గ్లాసు బల్ల మీద పెట్టింది.

"ఒండ్రు తెల్లగా ఉండదండి," అంది. "నన్ను ఒకాయన మూడు ఆదివారాలు తిరిగి అడిగింది ఆ తెల్లటి చక్కటి కేలండర్ ఆవిడ తనకి వద్దని. ఆవిణ్ణి వదిలించుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. మళ్ళీ లోపలికి రానివ్వను."

ఇంకోసారి ఆలోచించమన్నారు ఆయన. మంచి అవకాశం అన్నారు. పల్లంరాజు గారు ఆవిడ భర్తకేసి చూశారు, ఆయనైనా చెప్తాడేమోనని. ఆఫీసులో నలుగురి మాటలకీ నలిగిపోయిన భాస్కరం అప్పటికే బొమ్మలు సంచీలో సర్దుతున్నాడు. కాగితం మూలలు మడత పడకుండా ఒక్కొక్కటే, పైన అట్ట పెట్టి.

"మా ఆవిడ చెప్పింది కదండి," అన్నాడు ఆయన.

పుస్తకం అచ్చు కాలేదు. ఆ ఏడాది చివర్లో ఆవిడ ముప్ఫై రెండు బొమ్మలు ఏరి, కింద కథ చేత్తో రాసి, పాలకొల్లు బస్టాండు దగ్గర జిరాక్స్ తీయించింది. సముద్రపు ఊరి పిల్లలు వరండాలో కూర్చుని కాగితాలు మడిచి, చేపల వలలు కుట్టే దారంతో కుట్టారు. నలభై పుస్తకాలయ్యాయి. నలుపు జిరాక్స్‌లో ఒండ్రమ్మ ముందుకన్నా నల్లగా వచ్చింది. ఆవిడకి అది నచ్చింది.

కాకినాడనుంచి తిరిగొచ్చిన రోజు మాత్రం ఆవిడకి కోపం చల్లారలేదు. బస్సు యానాం వంతెన ఎక్కింది. కింద గోదావరి మధ్యాహ్నపు ఎండలో ఎర్రగా, వెడల్పుగా ఉంది. భాస్కరం కునుకు తీస్తున్నాడు. ఆవిడ సంచీలోంచి నోటుపుస్తకం తీసి, బస్సు కుదుపుల మధ్యే ఒక కొత్తవాణ్ణి గీయడం మొదలుపెట్టింది. పొట్టిగా, మర్యాదగా, చేతిలో సున్నం బకెట్టూ కుంచె పట్టుకుని, కనిపించిన దేనికైనా ఒక్క చిన్న పూత, ఒక్క చిన్న పూత అంటూ లంకంతా తిరిగే మనిషి. బకెట్టు పట్టుకున్న భుజం ఎంత కిందకి జారాలో తేలక నాలుగుసార్లు గీసింది. ముందు సీటు దగ్గర ఒకావిడ బిందె పట్టుకుని నిలబడి ఉంది. ఆవిడ భుజం కేసి చూస్తూ ఐదోసారి మొదలుపెట్టింది.